రిసీవర్ ఎత్తితే డాలస్‌లో మోగాలి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హన్మకొండ, వడ్డేపల్లి. నేను స్కూల్ టీచర్‌ని. మా బాపుకు 76 ఏళ్లు, మా దగ్గరే ఉంటారు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చేయి కొంచెం వణుకుతుంది. డాలస్ నుంచి మా తమ్ముడు వాట్సాప్ కాల్ చేస్తే ఎత్తబోయి కట్ చేస్తారు. ఇక ఆ రోజంతా అదే దిగులు. పొద్దున ఏడింటికల్లా చాయ్ తాగి ముందు గదిలో కుర్చీలో కూర్చుంటారు. పక్క స్టూలు మీద మా పాత ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటుంది. ఆ లైన్ పోయి ఐదేళ్లయింది, ఫోన్ మాత్రం తీయనివ్వరు. ఈ మధ్య తమ్ముడు ఒక స్నేహితుడి చేత చిన్న డబ్బా పంపాడు. దాన్ని ఇంటర్నెట్‌కు కలిపి, పాత ఫోన్ దానికి తగిలిస్తే అమెరికాకైనా, కరీంనగర్‌లో మా అక్కకైనా దాదాపు ఫ్రీగా మాట్లాడుకోవచ్చట. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. పెట్టమంటారా? చట్టప్రకారం తప్పేమీ కాదు కదా? కరెంటు పోతే ఎట్లా? బాగుంటే దుబాయ్‌లో ఉన్న మా మరిదికి కూడా ఒకటి పంపుదామని మా వారు అంటున్నారు.

సమాధానం: పెట్టండి, చెల్లెమ్మా. తప్పకుండా పెట్టండి. కానీ తమ్ముడు చెప్పిన లెక్క కోసమైతే అంత శ్రమ అక్కర్లేదు.

"దాదాపు ఫ్రీ" అన్నది ఒకప్పుడు చాలా పెద్ద మాట. రాత్రి రేట్లు తగ్గేదాకా ఎస్టీడీ బూత్ బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి పోయాక మీటర్ మీద ఎర్ర అంకెలు పరిగెడుతుంటే చెప్పాల్సింది సగం చెప్పి బయటికొచ్చిన తరం నాది. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ నిమిషానికి రూపాయితో దేశంలో ఎక్కడికైనా మాట్లాడుకోవచ్చు అన్నప్పుడు ఆ సంగతి వీధి వీధంతా చెప్పుకున్నాం. ఇప్పుడు కరీంనగర్ కాల్ మీ మొబైల్ రీచార్జిలోనే ఉంది. డాలస్ కాల్ వాట్సాప్‌లో ఉంది. ఈ డబ్బా పెట్టి నెలకు ఎంత మిగిలిందని చూస్తే మీకు కనపడేది కొద్దిపాటే.

మరి ఎందుకు పెట్టమంటున్నానంటే, మీ ఉత్తరంలో నాకు కనపడింది బాపు వేలు. టచ్ స్క్రీన్ మీద కాల్ ఎత్తాలంటే గుండ్రటి బొమ్మ మీద వేలు పెట్టి, నొక్కి ఉంచి, పైకో పక్కకో జరపాలి. వణికే చేతికి అది కుదరదు. పెద్దవాళ్ల వేళ్లు పొడిబారి ఉంటాయి, స్క్రీన్ ఒక్కోసారి వాటిని గుర్తించదు. రెండోసారి గట్టిగా నొక్కితే ఎర్ర బొమ్మ మీద పడుతుంది. ఆయన తప్పేమీ లేదు, ఆ పరికరం ఆయన చేతికి తగ్గట్టు చేసింది కాదు. అదే రిసీవర్ అయితే ఎన్నో ఏళ్లుగా ఎత్తి పెట్టిన అలవాటు. చూపు అక్కర్లేదు, చేయి దానంతటదే పోతుంది. ఆ ఫోన్‌ను ఆయన తీయనివ్వకపోవడం మొండితనం కాదనే నేను అనుకుంటున్నాను.

ఆ డబ్బా ఏం చేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. దాన్ని ఏటీఏ అంటారు, అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్. పాత రోజుల్లో మీ ఫోన్‌కు డయల్ టోన్, గంట మోగే కరెంటు ఎక్స్ఛేంజి నుంచి రాగి తీగ మీద వచ్చేవి. ఇప్పుడా ఎక్స్ఛేంజి పని ఈ డబ్బా ఇంట్లోనే చేస్తుంది. బాపు మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చి, చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇంటర్నెట్‌లో పంపుతుంది. మామూలుగా సెకనుకు 50 పొట్లాలు. అవతలి వైపు మళ్లీ విప్పి మాట చేస్తారు. నిమిషం మాట్లాడితే రానూపోనూ కలిపి 1.3 ఎంబీ దాకా ఖర్చవుతుంది. అరగంట మాట్లాడినా 40 ఎంబీ దాటదు. మీ ఫైబర్ నెట్‌కు అదో లెక్క కాదు.

డబ్బా తెరవకముందు ఇంకో పని చేయండి. మీ ఫైబర్ కంపెనీవాళ్లు గోడకు బిగించిన డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. నెట్ కేబుల్ పట్టే వెడల్పు రంధ్రాల పక్కన, వాటికంటే సన్నగా ఒక రంధ్రం ఉంటుంది. దాని పైన 'ఫోన్' అనో 'టెల్' అనో 'పాట్స్' అనో చిన్న అక్షరాలుంటాయి. చాలా ఇళ్లల్లో అది దుమ్ము పట్టి, మూత కూడా తీయకుండా పడి ఉంటుంది. ఆ రంధ్రమే ఒక ఏటీఏ. తమ్ముడు పంపిన డబ్బా చేసే పనే మీ ఇంట్లో ముందునుంచీ ఉన్న డబ్బా కూడా చేస్తుంది. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ ఫైబర్ ప్లాన్లు చాలావాటిలో ల్యాండ్‌లైన్ కలిసే ఉంటుంది, దేశంలో ఎక్కడికైనా కాల్స్ ఫ్రీ. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "వాయిస్ యాక్టివేట్ చేయండి" అని అడగండి. 0870తో మొదలయ్యే వరంగల్ నంబరు వస్తుంది. పాత నంబరు కావాలంటే, మీ ఫైబర్ కూడా పాత లైన్ ఇచ్చిన కంపెనీదే అయితే అడిగి చూడండి. ల్యాండ్‌లైన్ నంబరును మొబైల్ నంబరులా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునే వీలు మన దగ్గర లేదు.

కరీంనగర్ అక్కతో, కాజీపేట చుట్టాలతో మాట్లాడటానికి ఆ లైన్ చాలు. ఒక్క సంగతి బాపుకు చెప్పండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. ఆయన లైన్ పోయింది ఆ రోజుల్లోనే కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండదు. సున్నా లేకుండా పది అంకెలు కొడితే రికార్డు చేసిన గొంతు ఏదో చెబుతుంది, ఆయనేమో ఫోన్ పాడైందనుకుంటారు.

ఇక తమ్ముడి డబ్బా. ఇది డాలస్ కోసమే ఉంచండి. ఒక్క డాలస్ కోసమే.

మొదట దాని కరెంటు ప్లగ్గు మీది స్టికర్ చదవండి. అక్షరాలు మరీ సన్నగా ఉంటాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. 'ఇన్‌పుట్' అన్న చోట 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన సాకెట్‌లో భయం లేకుండా పెట్టొచ్చు. బల్లపరుపు పిన్నులుంటాయి కాబట్టి ఒక కన్వర్టర్ పిన్ను కొనాలి. చౌరస్తాలో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. ఒట్టి 120 వోల్టులు అని ఉంటే మాత్రం దయచేసి పెట్టకండి. అమెరికా కరెంటు మనదాంట్లో సగం. మన 230 వోల్టులు తగలగానే అది కాలిపోతుంది. అప్పుడు డబ్బా మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి అదే కొలత ప్లగ్గు ఇక్కడ కొనుక్కోవచ్చు.

తర్వాత తమ్ముడిని ఒక ప్రశ్న అడగండి. "ఇది ఏదైనా కంపెనీ సర్వీసుతో కలిపి ఇచ్చిందా, లేక విడిగా కొన్నదా?" సమాధానాన్ని బట్టి దారి మారుతుంది.

కంపెనీ సర్వీసుతో వచ్చిందైతే దానికి ఒక అమెరికా నంబరు ఉంటుంది. తమ్ముడు అక్కడ ఆ నంబరుకు చేస్తే అది ఆయనకు లోకల్ కాల్, గంట మాత్రం వడ్డేపల్లిలో మోగుతుంది. బాపు ఎత్తి అమెరికా నంబర్లకు చేస్తే అది తమ్ముడి ప్లాన్‌లోనే పోతుంది. కానీ దాంట్లోనుంచి కరీంనగర్‌కు చేస్తే అమెరికా నుంచి ఇండియాకు చేసిన కాల్ కింద లెక్క కడతారు. 011 కొట్టాలి, 91 కొట్టాలి, నిమిషానికి ఇంత అని బిల్లు తమ్ముడికి పడుతుంది. ఎనభై కిలోమీటర్లు కూడా లేని ఊరికి అమెరికా మీదుగా చుట్టు తిరిగి పోవడం ఎందుకు? ఇంకో మాట, కొన్ని కంపెనీలు తమ దేశం బయట వాడకూడదని షరతు పెడతాయి. తమ్ముడినే ఆ షరతులు చదవమనండి. ఇలాంటి డబ్బాలు ఎక్కువగా ఆ కంపెనీకే లాక్ అయి ఉంటాయి, సర్వీసు ఆపేస్తే ఇంకో దానికి పనికిరావు.

విడిగా కొన్న అన్‌లాక్డ్ డబ్బా అయితే నాకు సంతోషం. ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే సర్వీసులుంటాయి, వాటిని ఎస్ఐపీ (సిప్) సర్వీసులంటారు. అలాంటి ఒకే సర్వీసులో రెండు ఖాతాలు తెరిచి, ఒకటి ఈ డబ్బాలో, ఇంకోటి తమ్ముడి దగ్గర పెట్టాలి. అప్పుడు రెండు చివరలా ఇంటర్నెట్టే కాబట్టి నిమిషాల బిల్లే ఉండదు. తమ్ముడు ఫోన్‌లో లిన్‌ఫోన్ లాంటి యాప్ వేసుకోవచ్చు. కానీ మొబైల్ జేబులో నిద్రపోయినప్పుడు ఇలాంటి యాప్‌లు కూడా ఒక్కోసారి నిద్రపోతాయి, కాల్ వచ్చినా మోగవు. బ్యాటరీ పొదుపు సెట్టింగ్‌లో నుంచి ఆ యాప్‌ను తీసేయాలి. వీలైతే తమ్ముడు కూడా తన ఇంట్లో ఇలాంటి డబ్బా ఒకటి, ఫోన్ ఒకటి పెట్టుకోవడమే మేలు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సెట్టింగ్. ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి 'ఆఫ్ హుక్ ఆటో డయల్' అనో 'హాట్‌లైన్' అనో ఒకటి ఉంటుంది. అందులో తమ్ముడి నంబరు రాసిపెడితే, రిసీవర్ ఎత్తిన వెంటనే డబ్బానే ఆ నంబరు కొడుతుంది. బాపు ఒక్క అంకె కూడా నొక్కక్కర్లేదు. ఎత్తాలి, చెవి దగ్గర పెట్టుకోవాలి, డాలస్‌లో మోగుతుంది. ఎత్తాక ఎన్ని సెకన్లు ఆగాలో కూడా కొన్నింట్లో పెట్టొచ్చు. మీరు సున్నా పెట్టండి. కంపెనీ లాక్ చేసిన డబ్బాలో ఈ సెట్టింగ్ దొరక్కపోతే, మెమరీ బటన్లున్న ఫోన్ ఒకటి తీసుకుని మొదటి బటన్‌లో తమ్ముడి నంబరు దాచండి. ఆ బటన్ మీద ఎర్ర స్టికర్ అంటించండి.

అంటే ముందు గదిలో రెండు ఫోన్లవుతాయి, అవును. ఫైబర్ లైన్‌కు కొత్తది, తమ్ముడి డబ్బాకు ఆయన పాతది. పాతదాన్ని స్టూలు మీద ఉన్నచోటి నుంచి కదిలించకండి. కొత్తది గదికి అవతలి పక్కన పెట్టండి, వీలైతే వేరే రంగుది. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎత్తాలో తెలియక కంగారు పడతారు.

ఇక్కడ ఒక అందమైన విషయం ఉంది. మన దేశంలో ఫోన్ గంట జంటగా మోగుతుంది: ట్రింగ్ ట్రింగ్, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ ట్రింగ్ ట్రింగ్. అమెరికాలో ఒకటే గంట, రెండు సెకన్లు లాగి మోగి, నాలుగు సెకన్లు ఆగుతుంది. అక్కడి నుంచి వచ్చిన డబ్బా అక్కడి పద్ధతిలోనే మోగిస్తుంది. సెట్టింగ్‌లో దీన్ని మన పద్ధతికి మార్చొచ్చు, మెకానిక్‌లు మార్చేస్తారు కూడా. మీరు మార్చనివ్వకండి. జంటగా మోగితే కరీంనగర్ బిడ్డో చుట్టాలో, పొడుగ్గా లాగి మోగితే కొడుకు. వారం తిరిగేసరికి బాపు కుర్చీలోంచి లేవకముందే చెబుతారు ఎవరు చేశారో. డయల్ టోన్ కూడా కొంచెం తేడాగా వినపడుతుంది, అది పాడైన శబ్దం కాదని ముందే చెప్పి ఉంచండి.

కేబుళ్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. పాత ల్యాండ్‌లైన్ సాకెట్ ఇంకా గోడకు ఉంటుంది కదా, ఇంట్లో అన్ని గదులకూ మోగుతుందని కొందరు డబ్బా నుంచి వచ్చే తీగను ఆ సాకెట్‌లో పెడతారు. బయటి లైన్ ఎక్కడో ప్రాణంతో ఉంటే ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టులు డబ్బాలోకి వస్తాయి, గంట మోగే వేళ అంతకంటే ఎక్కువే వస్తాయి. రెండూ గంట మోగించే యంత్రాలే, ఎదురెదురుగా కలపకూడదు. నాకు తెలిసిన ఒకరి ఇంట్లో డబ్బా ఇలాగే ఒక సాయంత్రంలో పోయింది. గోడలోని పాత వైరింగ్ వాడాలనుంటే బయటి నుంచి ఇంట్లోకి వచ్చే తీగను ముందు పూర్తిగా కోసి విడదీయాలి. అంత అవసరం కూడా లేదు. డబ్బాను రౌటర్ పక్కనే పెట్టి నెట్ కేబుల్‌తో కలపండి. అక్కడి నుంచి బాపు స్టూలు దాకా సన్నటి టెలిఫోన్ తీగ లాగండి. ఆ తీగ ఇరవై మీటర్లున్నా మాటకు ఏమీ కాదు. వైఫై మీద నడిపే డబ్బాలు కూడా ఉన్నాయి, మాట తెగకుండా ఉండాలంటే మాత్రం కేబులే మంచిది.

ఫోన్ కింద 'పీ' 'టీ' అని చిన్న స్విచ్చి ఉంటే 'టీ' వైపు పెట్టండి. మీది అంకెల చక్రం తిప్పే పాత నల్ల ఫోన్ అయితే మోగుతుంది, మాట్లాడొచ్చు, కానీ చాలా డబ్బాలకు ఆ చక్రం భాష రాదు. హాట్‌లైన్ పెట్టినప్పుడు అది కూడా అడ్డు కాదు. నంబరు కనపడే ఫోన్ అయి, అందులో నంబరు రాకపోతే, డబ్బాలో కాలర్ ఐడీ రకాన్ని డీటీఎంఎఫ్‌కు మార్చి చూడండి. మన ఫోన్లు చాలావరకు ఆ పద్ధతివి.

మాట ఎట్లా వినపడుతుందంటే, ఫైబర్ నెట్ బాగుంటే పక్కింటి నుంచి మాట్లాడినట్టే. కానీ డాలస్ దాకా మాట చేరడానికే సెకనులో పదో వంతు పైన పడుతుంది. ఒకవైపు 150 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమైనా మాట సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ ప్రమాణం. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతారు. పిల్లలు అదే సమయంలో టీవీలో సినిమా పెట్టుకుని, పైన గేమ్ డౌన్‌లోడ్ చేస్తే ఆ ఆలస్యం పెరుగుతుంది. రౌటర్‌లో 'క్యూఓఎస్' అనే సెట్టింగ్ ఉంటే ఈ డబ్బాకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఒకరి మాట వినపడి ఇంకొకరిది వినపడకపోతే నెట్ స్పీడు తప్పు కాదు. చాలాసార్లు రౌటర్‌లోని 'సిప్ ఏఎల్‌జీ' అనే సెట్టింగ్ దానికి కారణం. పేరుకు సాయం చేసేదే, పనికి అడ్డం పడుతుంది. ఆపేసి చూడండి.

కరెంటు గురించి అడిగారు. ఇది తేలిగ్గా చెప్పి వదిలేయలేను. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇల్లంతా చీకటైనా అది మోగేది. ఇప్పుడు గోడకున్న ఫైబర్ డబ్బా, రౌటర్, ఈ అడాప్టర్ అన్నీ మీ ఇంటి కరెంటు మీదే బతుకుతాయి. ఏ ఒక్కటి ఆగినా రిసీవర్‌లో చప్పుడే ఉండదు.

మా అమ్మ మట్టెవాడలో ఒక్కతే ఉండేది. ఆమెకు నేనే స్వయంగా ఇలాంటి డబ్బా పెట్టాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యం. మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, అంతా బాగున్నట్టే ఉంది. కానీ రౌటర్ పెట్టిన మూల సాకెట్‌కు ఇన్వర్టర్ లైను ఇవ్వలేదు. అది నేను చూసుకోలేదు. ఆమెకు బీపీ ఎక్కువై కళ్లు తిరిగి, నాకు చేద్దామని ఫోన్ ఎత్తింది. చప్పుడు లేదు. పక్కింటికి పోదామని గడప దాటుతూ వర్షం నీళ్లలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ రాత్రి నేను పోయేసరికి చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఫోన్ ఏమీ అనట్లేదు బిడ్డా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఎవరి ఇంట్లో డబ్బా పెట్టినా మొదట మెయిన్ స్విచ్చి ఆపి, ఏ సాకెట్ బతికి ఉందో టెస్టర్‌తో చూస్తాను.

మీరూ అదే చేయండి. మెయిన్ ఆపి, రౌటర్ దీపాలు వెలుగుతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. వెలగకపోతే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. కొనేముందు డబ్బాల మీద వోల్టులు చూడండి. ఫైబర్ డబ్బా 12 వోల్టులదైతే, తమ్ముడి అడాప్టర్ 5 వోల్టులది కావచ్చు. రెండు రకాల వైర్లూ వచ్చే యూపీఎస్ తీసుకోవాలి.

దాంతోపాటు, ఇది తప్పనిసరి, పెద్ద బటన్ల మామూలు మొబైల్ ఒకటి బాపు కుర్చీ పక్కన మేకుకు వేలాడదీయండి. ఎందుకంటే తమ్ముడి డబ్బా నుంచి 108 కొడితే మన అంబులెన్స్ రాదు, 112 కొడితే మన పోలీసులు పలకరు. ఆ డబ్బా దృష్టిలో మీరు అమెరికాలో ఉన్నారు. హాట్‌లైన్ పెట్టాక అసలు అంకెలే కొట్టలేరు. ఆపద వేళ ఆ మొబైల్, లేకపోతే ఫైబర్ ల్యాండ్‌లైన్, ఈ రెండే. బాపుకు చెప్పడంతో ఆపకుండా ఒకసారి ఆయన చేతే మీకు ఫోన్ చేయించి చూడండి.

చట్టం సంగతి. 2002 ఏప్రిల్‌లోనే ప్రభుత్వం ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితంగా దారి తెరిచింది. ఇక్కడి కంప్యూటర్ నుంచో అడాప్టర్ నుంచో విదేశంలోని ఫోన్ నంబరుకు చేయొచ్చు. ఇంటర్నెట్ మీద ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి మాట్లాడుకోవచ్చు. మన దేశంలోని ఫోన్ నెట్‌వర్క్‌కు దాన్ని కలపడమే కుదరదన్నారు. 2018లో లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు ఇంటర్నెట్ మీద మామూలు నంబర్లతో సర్వీసు ఇచ్చేందుకు మార్గం సుగమమైంది. మీ ఫైబర్ డబ్బా ల్యాండ్‌లైన్ అలాంటి లైసెన్సు ఉన్న కంపెనీ ఇచ్చేదే. బాపు ఈ డబ్బా నుంచి తమ్ముడికి చేయడంలో, రెండు చివరలా ఇంటర్నెట్ మీదే మాట్లాడుకోవడంలో తప్పు లేదు. తమ్ముడి నుంచి వచ్చిన కాల్‌ను ఈ డబ్బా నుంచి మీ ల్యాండ్‌లైన్‌లోకో సిమ్‌లోకో మళ్లించి కరీంనగర్‌కు కలపడం మాత్రం తప్పు. ఎవరైనా తెలివిగా అలా ఏర్పాటు చేసిస్తామన్నా వద్దనండి.

ఇదే సందర్భంలో ఇంకోటి. "మీ ఇంట్లో నెట్ బాగుంది, ఒక చిన్న మెషీన్ పెట్టుకుంటాం, నెలకు ఇన్ని వేలు ఇస్తాం" అని అద్దెకు అడిగేవాళ్లు తిరుగుతుంటారు. అందులో వరసగా సిమ్ కార్డులుంటాయి. విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే కాల్స్‌ను లోకల్ నంబర్లలా చూపించి జనాన్ని మోసం చేయడానికి వాడతారు. హైదరాబాద్‌లో పోలీసులు ఇలాంటివి పట్టుకున్నారు కూడా. మెషీన్ ఎవరిదైనా ఇల్లు మీది, కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది. గడప దగ్గరే పంపించేయండి.

దుబాయ్‌లో ఉన్న మరిదికి పంపకండి. ఆ దేశంలో ఇంటర్నెట్ మీద మాట్లాడటానికి కట్టుబాట్లున్నాయి. వాట్సాప్‌లో కాల్స్ పనిచేయకపోవడానికి అదే కారణం. అక్కడి ప్రభుత్వం అనుమతించిన యాప్‌లు బోటిమ్ లాంటివి కొన్ని ఉన్నాయి, అవి వాడుకోవాలి. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి పోయిన పిల్లలకు ఇంటి మీద బెంగ ఎంత ఉంటుందో తెలుసు, చౌకగా మాట్లాడాలన్న ఆశా తెలుసు. కానీ ఇక్కడి నుంచి పోయిన డబ్బా అక్కడ అతన్ని చిక్కుల్లో పెడితే విడిపించడానికి మనం పక్కన ఉండం. మరిది ఫోన్ చేయడానికి మీ కొత్త 0870 నంబరు ఇవ్వండి, తన ప్లాన్ చూసుకుని వారానికోసారి చేస్తాడు.

చివరగా పాస్‌వర్డ్. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు అది తెరిచిన తలుపే. లోపలికి దూరి ఎక్కడెక్కడికో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు, తెల్లారేసరికి బిల్లు తమ్ముడి మీద. మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చి, డైరీలో రాసి బీరువాలో పెట్టండి. ప్రీపెయిడ్ ఖాతా అయితే కొద్ది బ్యాలెన్సే ఉంచమనండి, అయిపోగానే కార్డు నుంచి దానంతటదే నింపుకునే సదుపాయాన్ని ఆపేయమనండి.

బిగించే పని ఆదివారం పెట్టుకోండి. తమ్ముడిని వీడియో కాల్‌లో ఉంచుకుని సెట్టింగులు ఆయన చేతే చెప్పించుకుంటూ మీరు నొక్కితే గంటలో అయిపోతుంది. బాపును ఆ గంటసేపు పక్కన కూర్చోబెట్టుకోకండి, తీగలు చూస్తే ఆయనకు టెన్షన్. అంతా సర్దాక పిలిచి, ఒక్కటే చెప్పండి: "పొడుగ్గా మోగితే తమ్ముడు. నువ్వు మాట్లాడాలనుకుంటే ఎత్తు, చాలు."

వేళల గురించి తమ్ముడికి ముందే చెప్పాలి. రిసీవర్ ఎత్తితే చాలు అన్నాక బాపు ఏ వేళకైనా ఎత్తుతారు. మన మధ్యాహ్నం డాలస్‌లో అర్ధరాత్రి. తమ్ముడు పడుకునే ముందు యాప్‌లో 'డోంట్ డిస్టర్బ్' పెట్టుకోనివ్వండి, మీరు కసురుకోకండి. ఎండాకాలంలో డాలస్ మనకు పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే ఇక్కడ పొద్దున ఏడు కొట్టేసరికి అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. తమ్ముడు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి ఉంటాడు. మొదటి కాల్ అప్పుడే చేయమనండి. బాపు చాయ్ తాగి కుర్చీలో కూర్చునే ఉంటారు.